పేరుతో అడగాలా, పేరు లేకుండా అడగాలా: ఆన్‌లైన్ చర్చల్లో దిగేముందు చూసుకోవాల్సినవి

బెజవాడ, గుంటూరుల్లో ఇప్పుడు ఏ సందేహం వచ్చినా ముందు ఫోన్‌లోనే అడుగుతున్నాం. పిల్లాణ్ని ఏ హాస్టల్లో వేయాలి, మోకాలి ఆపరేషన్‌కి ఎంతవుతుంది, చిట్టీ నడిపేవాడు డబ్బివ్వట్లేదు ఏం చేయాలి, మేనేజర్ వేధిస్తున్నాడు ఎవరికి చెప్పాలి. వాట్సాప్, టెలిగ్రామ్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో, రెడిట్‌లో, కోరాలో ఇలాంటివి రోజూ కనిపిస్తాయి. రాయబోయేముందు ప్రతివాళ్లూ తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. అకౌంట్ తెరిచి సొంత పేరుతో రాయాలా, పేరు చెప్పకుండా రాయాలా? చాలామంది దీన్ని ఆలోచించి తేల్చుకోరు. భయం ఉన్నవాళ్లు పేరు దాచేస్తారు, లేనివాళ్లు ఆధార్‌లో ఉన్న పేరే పెట్టేస్తారు. దాచాల్సిన చోట బయటపెట్టి ఇబ్బంది పడినవాళ్లు ఉన్నారు. పేరు చెబితే తప్ప పని జరగని చోట దాచుకుని నష్టపోయినవాళ్లూ ఉన్నారు.

ఎలా తేల్చుకోవాలో, తేల్చుకున్నాక ఫోన్‌లో ఏమేం మార్చుకోవాలో వరసగా చెబుతాను.

1. ఎవరికి తెలియకూడదో ముందు రాసుకోండి

"నా పేరు బయటికి రాకూడదు" అనుకుంటే సరిపోదు. ఎవరికి రాకూడదు? కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. "మా ఆఫీసులో వాళ్లకి తెలియకూడదు." "మా అత్తగారి వైపు వాళ్లకి తెలియకూడదు." "కాలేజీ యాజమాన్యానికి తెలియకూడదు." మిగతాదంతా ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంటుంది. ఎందుకంటే మీరు రాసింది ఎవరు రాశారో తెలుసుకోగలిగేవాళ్లు నాలుగు రకాలు.

మొదటివాళ్లు మీలాగే చదివేవాళ్లు. రెండోవాళ్లు ఆ గ్రూప్ అడ్మిన్లు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో పేరు లేకుండా పోస్ట్ పెట్టే వీలుంది కదా, అక్కడ సభ్యులకి మీ పేరు కనపడదు కానీ అడ్మిన్లకి, మోడరేటర్లకి కనపడుతుంది. మీ కాలనీ గ్రూప్‌లో అడ్మిన్ మీ పక్క ఫ్లాట్ ఆయనే అయితే, మీరు దాచింది మిగతావాళ్ల నుంచే, ఆయన నుంచి కాదు. దీన్ని చాలామంది గమనించరు. పోస్ట్ పెట్టేముందు ఆ గ్రూప్ సభ్యుల జాబితా తెరిచి అడ్మిన్లు ఎవరో ఒకసారి చూసుకోండి.

మూడోవాళ్లు ఆ సర్వీసు నడిపే కంపెనీ. మీ ఈమెయిల్, ఫోన్ నంబర్, ఏ ఇంటర్‌నెట్ కనెక్షన్ నుంచి వచ్చారన్నది వాళ్ల దగ్గర ఉంటుంది. నాలుగోవాళ్లు పోలీసులు, కోర్టులు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, అధికారం ఉన్న దర్యాప్తు సంస్థ రాతపూర్వకంగా ఆదేశమిస్తే కంపెనీ తన దగ్గరున్న వివరాలు 72 గంటల్లోగా ఇవ్వాలి. మీరు అకౌంట్ మూసేసినా, నమోదు చేసుకున్నప్పుడు ఇచ్చిన వివరాలు 180 రోజులు దాచి ఉంచాలి. ఇంటర్‌నెట్ ఇచ్చే కంపెనీలు కూడా ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారన్న లెక్కలు కనీసం రెండేళ్లు ఉంచుతాయి. వీపీఎన్ (మన కనెక్షన్ ఎక్కడిదో దాచే యాప్) వేసుకుంటే ఎవరికీ దొరకం అని కుర్రాళ్లు అనుకుంటారు. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు భద్రపరచాలని ఉంది. టెలిగ్రామ్ కూడా 2024 సెప్టెంబరులో తన విధానం మార్చుకుంది. నియమాలు ఉల్లంఘించినవాళ్ల ఫోన్ నంబరు, ఐపీ అడ్రసు (ఏ కనెక్షన్ నుంచి వచ్చారో చెప్పే నంబరు) చట్టబద్ధంగా అడిగితే ఇస్తామని ప్రకటించింది.

అంటే నాలుగో రకం నుంచి పూర్తిగా దాక్కోవడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. అయినా మీరు తప్పు చేయనప్పుడు దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. మన ఊళ్లలో అసలు భయం మొదటి రెండు రకాలతోనే. ఎక్కడో ఉన్న హ్యాకర్ కన్నా పిన్నిగారి తోడికోడలికి తెలియడమే మన ఇళ్లలో పెద్ద విషయం. ఇది చిన్న భయం కాదు, దీన్ని ఎవరూ తేలిగ్గా తీసేయకూడదు. ఒక ఆడపిల్ల పెళ్లి సంబంధం, ఒక మనిషి ఉద్యోగం అలా ఒక స్క్రీన్‌షాట్‌తో చెడిపోవచ్చు.

2. అసలు అకౌంట్ అవసరమా అని చూడండి

చాలా ప్రశ్నలు ఇదివరకే ఎవరో అడిగి ఉంటారు. రెడిట్‌లో చాలావరకు లాగిన్ లేకుండానే చదవచ్చు. టెలిగ్రామ్ పబ్లిక్ ఛానెళ్లు బ్రౌజర్లో అకౌంట్ లేకుండా తెరుచుకుంటాయి. ప్రశ్నని తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగుగా ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి వెతకండి. మనవాళ్లు ఎక్కువగా రాసేది ఆ రెండో పద్ధతిలోనే కాబట్టి దాన్ని వదిలేయొద్దు. జవాబు దొరికితే అకౌంట్ ఊసే అక్కర్లేదు.

ఇన్‌కాగ్నిటో మోడ్‌లో చదివితే మీ ఫోన్లో హిస్టరీ మిగలదు, అంతవరకే దాని పని. ఇంటర్‌నెట్ కంపెనీ నుంచి అది దాచదు. కానీ ఇంట్లో ఒకే ఫోన్ నలుగురు వాడుకునే చోట ఆ కాస్తా చాలా విలువైనది.

3. దారులు రెండు కాదు, మూడు

పేరు లేకపోవడం, సొంత పేరు ఉండటం అని రెండే అనుకుంటారు. మధ్యలో ఇంకోటి ఉంది. అకౌంట్ ఉంటుంది, దానికి ఒక మారుపేరు ఉంటుంది, ఆ మారుపేరుతోనే మీరు ఎప్పుడూ రాస్తారు. మన రచయితలు కలం పేరు పెట్టుకున్నట్టే. నా లెక్కలో ఎక్కువమందికి ఎక్కువసార్లు సరిపోయేది ఇదే. పేరు దాగుతుంది, మాటకి విలువా పెరుగుతుంది. ఏడాదిగా మిర్చి తెగుళ్ల మీద సరైన సలహాలిస్తున్న మారుపేరుని రైతులు గుర్తుపడతారు, నమ్ముతారు. ప్రతిసారీ కొత్త ముసుగుతో వచ్చేవాణ్ని ఎవరూ పట్టించుకోరు.

పూర్తిగా పేరు లేకుండా అడగాల్సినవి కొన్నే. ఒక్కసారి అడిగి వదిలేసేవి, పాత పోస్టులతో ముడిపడకూడనివి. ఆరోగ్యం, పిల్లలు పుట్టకపోవడం, ఇంట్లో కొట్టడం, తాగుడు మానడం, అప్పులు. వీటిని మీ రోజువారీ మారుపేరుతో కూడా అడగొద్దు. ఆ పేరు నొక్కితే, దాచే సెట్టింగ్ పెట్టుకోకపోతే, మీ పాత పోస్టులన్నీ కనపడతాయి. ఒక పోస్టులో ఆటోనగర్‌లో బండి రిపేరు, ఇంకో పోస్టులో పిల్లల స్కూలు, మూడోదాంట్లో మీ జబ్బు. మూడూ కలిపితే మీరు ఎవరో తెలిసిపోతుంది.

ఇక సొంత పేరుతోనే వెళ్లాల్సినవి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పేరు దాచుకోమని చెప్పేవాళ్లు ఎక్కువ, ఎప్పుడు దాచకూడదో చెప్పేవాళ్లు తక్కువ.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు సంగతి గుర్తుచేసుకోండి. అలాంటి రోజున "మా వీధిలో ముసలివాళ్లు చిక్కుకుపోయారు" అని పేరు, నంబరు లేకుండా పెట్టిన మెసేజ్‌తో ఎవరేం చేయగలరు? పడవవాళ్లు రావాలంటే వీధి పేరు, మేడ మీద ఎంతమంది ఉన్నారు, ఫోన్ ఎవరెత్తుతారు అన్నీ కావాలి. అక్కడ దాపరికం ప్రాణానికే ముప్పు. ఒకటి మాత్రం చేయాలి. సాయం అందాక ఆ పోస్ట్ తీసేయాలి, ఫార్వర్డ్ చేసినవాళ్లని కూడా ఆపమనాలి. లేకపోతే ఆ నంబరు నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

ఉద్యోగంలో వేధింపు ఇంకో ఉదాహరణ. ఏం చేయాలన్న సలహా పేరు లేకుండానే అడగండి, అదే మంచిది. కానీ ఫిర్యాదు ఆన్‌లైన్ పోస్టుతో అవదు. పని చేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పది మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతిచోటా ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. వేధింపు జరిగిన మూడు నెలల్లోగా ఆ కమిటీకి ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు ఇస్తారు. పేరుతో ఇస్తే అందరికీ తెలిసిపోతుందని భయపడతారు కానీ, ఫిర్యాదు చేసినవాళ్ల వివరాలు బయటపెట్టకూడదని అదే చట్టంలో ఉంది. గ్రూపులో పేరు లేకుండా రాసిన పోస్టుకి ఆ రక్షణ లేదు. ఇలాంటి చోట్ల పేరు చెప్పడమే ఎక్కువ భద్రం.

సైబర్ నేరాల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ పోర్టల్లో కూడా ఇదే ఎంపిక మీకు కనపడుతుంది. ఆడవాళ్లకి, పిల్లలకి సంబంధించిన నేరాల మీద పేరు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. అలా చేస్తే ఆ ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో మీరు చూసుకోలేరు. ఫోన్ నంబరుతో లాగిన్ అయి ఇస్తే చూసుకోవచ్చు. ఎక్కడో ఒక పిల్ల వీడియో తిరుగుతుంటే చూసి చెబుతున్నారా, పేరు లేకపోయినా ఫర్వాలేదు. మీ సొంత ఫొటోలు మార్చి బెదిరిస్తున్నారా, పేరుతోనే ఇవ్వండి. ఆన్‌లైన్ మోసంతో బ్యాంకులో డబ్బు పోతే గ్రూపులో అడుగుతూ కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీరు సలహా ఇచ్చేవాళ్లయితే కూడా పేరు ముఖ్యం. డాక్టరు, లాయరు, ఆడిటరు, వ్యవసాయాధికారి ఇచ్చే సలహాని జనం పాటిస్తారు. అది తప్పైతే ఎవరిని అడగాలో వాళ్లకి తెలియాలి. అమ్మేవాళ్ల సంగతీ అంతే. పేరు, షాపు అడ్రసు చెప్పకుండా గ్రూపులో అమ్మేవాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు.

4. మారుపేరు అకౌంట్ ఎలా తెరవాలి

ముందు దానికోసం వేరే ఈమెయిల్ పెట్టండి. ఇప్పటికే మీ బ్యాంకుకి, ఉద్యోగానికి ఇచ్చినది వద్దు. పాస్‌వర్డ్ కూడా వేరేది.

పేరు ఎంచుకునేటప్పుడు పుట్టిన సంవత్సరం, బండి నంబరు, పిల్లల ముద్దుపేర్లు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న పేరు పెట్టొద్దు. ఎంచుకున్న పేరుని ఒకసారి గూగుల్లో కొట్టి చూడండి. మీకు సంబంధించింది ఏదైనా వస్తే మార్చేయండి. రెడిట్‌లో ఒకసారి ఖాయమైన యూజర్‌నేమ్ మళ్లీ మారదు, కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త. డీపీగా మీ ఫొటో ఎలాగూ పెట్టరు, మీ ఇంటి బాల్కనీ నుంచి తీసిన కొండ ఫొటో కూడా పెట్టొద్దు. బెజవాడలో కృష్ణలంక నుంచి కనిపించే ఇంద్రకీలాద్రి కొండ వేరు, భవానీపురం నుంచి కనిపించేది వేరు. ఊళ్లోవాళ్లు పట్టేస్తారు.

ఇంటిపేరు గురించి ఒక్క మాట. మన దగ్గర ఇంటిపేరు చూసి ఊరు, కులం, ఎవరి తాలూకో లెక్కగట్టేస్తారు. రాజధాని గురించి ఏదైనా రాస్తే, రాసింది చదవకముందే ఇంటిపేరు చూసి "వీళ్లు ఇలాగే అంటారులే" అనేస్తారు. మీ మాటని మాటగా వినాలంటే ఇంటిపేరు లేని అకౌంటే నయం. ఇది సిగ్గుపడి దాచుకోవడం కాదు. చర్చ కులం మీదికి మళ్లకుండా ఆపడం.

ఫోన్ నంబరే అన్నిటికన్నా పెద్ద చిక్కు. వాట్సాప్ గ్రూపులో చేరిన మరుక్షణం మీ నంబరు సభ్యులందరికీ కనపడుతుంది. ప్రొఫైల్లో పేరు తీసేసినా లాభం లేదు. ఎవరైనా ఆ నంబరుని యూపీఐ యాప్‌లో కొట్టి, డబ్బు పంపబోతున్నట్టు నటిస్తే చాలు, ఆ నంబరు యూపీఐకి కలిపి ఉంటే బ్యాంకులో ఉన్న మీ పేరు, చాలాసార్లు ఇంటిపేరుతో సహా, వచ్చేస్తుంది. రూపాయి కూడా పంపక్కర్లేదు. నమ్మకం లేకపోతే మీ ఇంట్లోవాళ్ల నంబరు కొట్టి చూడండి. అందుకే వాట్సాప్ గ్రూపు అంటే పేరు రాసిన బోర్డు మెడలో వేసుకుని కూర్చున్నట్టే అనుకోండి. వాట్సాప్ ఛానెల్ అలా కాదు, అక్కడ అనుసరించేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనపడవు. కానీ అక్కడ మీరు ప్రశ్న అడగలేరు.

టెలిగ్రామ్ వాడేవాళ్లు గ్రూపులో చేరకముందే ఇవి మార్చండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరవండి. ఫోన్ నంబర్ నొక్కి, ఎవరు చూడొచ్చు అన్న చోట నోబడీ పెట్టండి. వెంటనే కిందే ఇంకోటి వస్తుంది, నంబరుతో మిమ్మల్ని ఎవరు వెతకొచ్చు అని. దాన్ని మై కాంటాక్ట్స్ చేయండి. మొదటిది మార్చి రెండోది వదిలేసేవాళ్లే ఎక్కువ. అదే మెనూలో ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్, మిమ్మల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చొచ్చు అన్నవి కూడా చూసుకోండి. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ యాప్‌కి ఎక్కించే కాంటాక్ట్ సింక్ ఆపేయండి. కొత్తగా టెలిగ్రామ్ వేసుకుంటే, మీ నంబరు సేవ్ చేసుకున్న బంధువులకి మీరు చేరినట్టు నోటిఫికేషన్ వెళ్తుందని గుర్తుంచుకోండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ కూడా అంతే. అదే నంబరుతో కొత్త అకౌంట్ తెరిస్తే "మీకు తెలిసినవాళ్లు" అంటూ మీ మేనమామకే చూపించవచ్చు. వీలున్న చోట నంబరు బదులు ఈమెయిల్‌తో నమోదు చేసుకోండి.

నంబరు దాచడానికి వేరేవాళ్ల పేరు మీద సిమ్ తీసుకునే ఆలోచన ఉంటే మానేయండి. మోసంతో, వేరొకరిలా నటించి సిమ్ తీసుకోవడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు పడే నేరం.

చివరగా, ఫోన్ లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లు ఆపండి. ఇన్ని జాగ్రత్తలు తీసుకుని, ఫోన్ డైనింగ్ టేబుల్ మీద పెట్టినప్పుడు జవాబు పైకి తేలితే ఏం లాభం.

5. పేరు దాచినా రాసింది పట్టిస్తుంది

నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఇదే. ఒక పోస్ట్ ఇలా ఉందనుకోండి:

"గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. మా ఆయన ప్రైవేటు బ్యాంకులో మేనేజర్. నేను స్కూల్లో లెక్కల టీచర్ని. పెళ్లై ఆరేళ్లయింది. పోయిన నెల రెండోసారి ఐవీఎఫ్ ఫెయిలైంది. అత్తగారికి తెలియకుండా చేయించుకుంటున్నాం. ఆవిడ ఊరి నుంచి వచ్చేలోపు మూడోసారి వెళ్లాలా వద్దా చెప్పండి అక్కా."

ఇందులో పేరు లేదు. కానీ బ్రాడీపేటలో బ్యాంకు మేనేజరు భార్య, లెక్కల టీచరు, ఆరేళ్లుగా పిల్లల్లేరు అనగానే ఆ స్కూలు స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా గుర్తుపట్టేస్తారు. బాధలో ఉన్నప్పుడు ఎవరైనా ఇలాగే రాస్తారు, మనసులో ఉన్నదంతా వచ్చేస్తుంది. అందుకే రాసింది వెంటనే పంపకుండా ఒక గంట ఆగి, ప్రతి వాక్యాన్నీ ఇలా అడగండి: జవాబు చెప్పేవాళ్లకి ఇది అవసరమా?

పేట అవసరం లేదు. ఆయన ఉద్యోగం అవసరం లేదు. మీ సబ్జెక్టు అసలే అవసరం లేదు. వయసు అవసరం, ఎన్నిసార్లు ఫెయిలైందన్నది అవసరం. అలా తీసేస్తూ పోతే ఇలా మిగులుతుంది:

"వయసు ముప్పై దాటింది. ఐవీఎఫ్ రెండుసార్లు ఫెయిలైంది. మూడోసారి వెళ్లేముందు డాక్టర్ని ఏమేం అడగాలి? ఏ పరీక్షలు చేయించుకోవాలి? ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పకుండా వెళ్లినవాళ్లు ఉంటే సెలవులు, ఖర్చు ఎలా సర్దుకున్నారో చెప్పండి."

మొదటిదానికి ఓదార్పు మాటలు వస్తాయి. రెండోదానికి పనికొచ్చే జవాబులు వస్తాయి. దాచడం కోసం తీసేసిన వివరాల వల్ల ప్రశ్నే పదునెక్కింది.

చిన్నచిన్న మార్పులు కూడా చేయొచ్చు. "పోయిన మంగళవారం" బదులు "ఈమధ్య", "తెనాలి నుంచి రోజూ రైల్లో" బదులు "పక్క ఊరి నుంచి". అయితే వైద్యం, చట్టం విషయాల్లో జవాబుని మార్చేసే వివరాలు మాత్రం మార్చకండి. వయసు తప్పు చెబితే సలహా కూడా తప్పే వస్తుంది.

రిపోర్టులు, బిల్లులు ఫొటో తీసి పెట్టేవాళ్లు పైన పేరు మీద నల్లగీత గీసి వదిలేస్తారు. పేషెంట్ నంబరు, బార్‌కోడ్, డాక్టరు పేరు, తేదీ అలాగే ఉంటాయి. పెన్ను గీతతో కాకుండా ఆ ముక్కని క్రాప్ చేసి తీసేయండి. ఇంకోటి, ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోలో తీసిన చోటు కూడా దాగి ఉండొచ్చు. వాట్సాప్, టెలిగ్రామ్‌లలో ఫొటోగా పంపితే ఆ సమాచారం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. స్పష్టంగా కనపడుతుందని డాక్యుమెంట్‌గా పంపే అలవాటున్నవాళ్లు ఇది గమనించాలి.

ఇంటర్ చదివే పిల్లలకి ప్రత్యేకంగా ఒక మాట. కాలేజీ, సెక్షన్, బ్యాచ్ పేరు రాస్తే మీరు ఎవరో తేలిపోతుంది. మార్కులు, హాస్టల్ ఒత్తిడి గురించి పేరు లేకుండా మాట్లాడుకోవడం మంచిదే, మనసు తేలికవుతుంది. కానీ బతకాలనిపించట్లేదు అన్నంత వరకు వస్తే దానికి ముక్కూమొహం తెలియనివాళ్ల కామెంట్లు సరిపోవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు ఆ ఫోన్ చేయండి నాన్నా.

6. పేరు లేదని ఏదైనా అనొచ్చని కాదు

ఆన్‌లైన్‌లో చిరాకు పుట్టించే మాట రాస్తే అరెస్టు చేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. అది మంచి తీర్పు. అయినా పరువునష్టం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద ఇంకా నేరమే. బెదిరింపు విషయంలో పేరు దాచుకోవడం శిక్షని పెంచుతుంది కూడా. అదే సంహిత 351వ సెక్షన్ ప్రకారం, ఎవరో తెలియకుండా బెదిరిస్తే మామూలు శిక్ష మీద అదనంగా రెండేళ్ల వరకు పడుతుంది. మారుపేరు పెట్టుకోవడం తప్పు కాదు. ఇంకో మనిషిలా నటించి మోసం చేస్తే మాత్రం ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.

ఆసుపత్రి మీదో చిట్‌ఫండ్ మీదో రాసేటప్పుడు జరిగింది జరిగినట్టు రాయండి. "ఫలానా తేదీన ఇంత కట్టాను, రసీదు ఉంది, ఇంకా తిరిగివ్వలేదు" అన్నది నిలబడుతుంది. "దొంగలు, నమ్మకండి" అన్నది మిమ్మల్నే ఇరికిస్తుంది.

7. జవాబులు వచ్చాక

పేరు లేకుండా అడిగితే పేరు లేని జవాబులే ఎక్కువ వస్తాయి. వాటిని వినండి, కానీ డబ్బు, మందులు, సంతకాల విషయంలో వాటిని పట్టుకుని అడుగు వేయకండి. అందరి ముందు జవాబు చెప్పకుండా ఇన్‌బాక్స్‌కి వచ్చి "నేను డాక్టర్ని, నంబరివ్వండి" అనేవాళ్లకి నంబరివ్వద్దు. నిజంగా సాయం చేసేవాళ్లు అందరూ చూసేచోటే చెబుతారు. కొంతమంది తేదీలు, పేట, ఆసుపత్రి పేరు ఒక్కొక్కటిగా రాబడతారు. పోస్టులో తీసేసిన వివరాలే కామెంట్లలో బయటికి వచ్చేస్తుంటాయి, అక్కడ జారిపోకండి.

8. వెళ్లిపోయేటప్పుడు

పని అయ్యాక అకౌంట్ మూసేయాలనుకుంటే, ముందు పోస్టులు, కామెంట్లు ఒక్కొక్కటీ డిలీట్ చేసి, ఆ తర్వాతే అకౌంట్ తీసేయండి. రెడిట్‌లో అకౌంట్ మాత్రమే తీసేస్తే పేరు పోతుంది, రాసింది అక్కడే ఉంటుంది. అకౌంట్ లేదు కాబట్టి ఇక మీరు దాన్ని తీసేయలేరు కూడా.

ఎవరైనా గుర్తుపట్టి "ఇది నువ్వే కదా" అని మెసేజ్ పెడితే కంగారులో పోస్ట్ కిందే జవాబివ్వకండి. అవునన్నా కాదన్నా వాళ్లకి ఆధారం దొరికినట్టే. ఆ మెసేజ్‌ని తేదీ, పంపినవాళ్ల పేరు, నంబరు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి, పోస్ట్ లింకు కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత అడ్మిన్‌కి చెప్పి పోస్ట్ తీయించండి. డబ్బడిగినా, ఇంట్లో చెబుతానని బెదిరించినా ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా, ఇంట్లో మీరు బాగా నమ్మే ఒక్క మనిషికి ఆ రోజే చెప్పి, ఆ స్క్రీన్‌షాట్లతో సైబర్ క్రైమ్ పోర్టల్లో మీ పేరుతోనే ఫిర్యాదు ఇవ్వండి.